సమీకరణంలో లేని కారణం

లోహశాస్త్ర విభాగం పూర్వ విద్యార్థుల సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం



లోహాలు ఎందుకు విరుగుతాయన్నదే ఈ విభాగంలో మా మాస్టారు జీవితమంతా చెప్పిన పాఠం. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు నాకూ అదే విషయం తోచింది. అయితే నేను ఎంచుకున్నది ఇంతవరకు విరగని వస్తువు. అణు విద్యుత్ కేంద్రంలో ఇంధనాన్ని, నీటిని, ఆ నీటి పీడనాన్ని తనలో పట్టి ఉంచే ఉక్కు పాత్ర అది. న్యూట్రాన్ల దెబ్బలకు ఆ ఉక్కు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెళుసెక్కుతూ ఉంటుంది. ఎంత పెళుసెక్కుతుందో ముందే ఎలా చెప్పాలన్నది ఈ పూట విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తరవాత దానికి ఆధారాలు చూపిస్తాను. ఈ రంగంలో అంచనాలు బాగా తప్పిన సందర్భాలు నాకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కడా గణితం తప్పలేదు. సమీకరణం రాసినవారి దృష్టికి రాని కారణం ఏదో ఒకటి ఉక్కులో అప్పటికే పని చేస్తూ ఉంది. అందుకని సమీకరణానికి మెరుగులు దిద్దడం కంటే, ఆ సమీకరణాన్ని నిలదీయగల నమూనాలను, రికార్డులను కాపాడుకోవడమే పెద్ద పని అని నేను నమ్ముతాను.

ముందు పాత్ర సంగతి. కూడంకుళంలో ఉన్న వివిఈఆర్-1000 తరహా రియాక్టర్‌నే తీసుకుందాం. పాత్ర ఎత్తు సుమారు 11 మీటర్లు, వ్యాసం నాలుగున్నర మీటర్లు. ఇంధనం ఉండే మట్టంలో గోడ మందం 19 సెంటీమీటర్లు దాటుతుంది. లోపల నీరు 300 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడిలో, వాతావరణ పీడనానికి 150 రెట్లు మించిన ఒత్తిడిలో తిరుగుతూ ఉంటుంది. కేంద్రంలో మిగతా సామగ్రిలో చాలావరకు మార్చుకోవచ్చు. ఆవిరి జనరేటర్లు మార్చినవారున్నారు, పాత్ర పైమూత మార్చినవారున్నారు. పాత్రను మార్చడం మాత్రం ఆచరణలో లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక పంపు ఆగిపోతే మరో పంపు ఉంటుంది, ఒక పైపు పగిలితే నీళ్లు పోసే ఏర్పాటు ఉంటుంది, కానీ పాత్రే చీలితే పోసిన నీళ్లు నిలిచే చోటు ఉండదు. పాత్ర చీలదన్న నమ్మకం మీదే మిగతా భద్రతా లెక్కలన్నీ నిలిచి ఉన్నాయి. ఆ నమ్మకానికి ఆధారాన్ని ఏటా కొత్తగా సంపాదించుకోవలసిందే.

ఉక్కు రెండు రకాలుగా విరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు సాగి, వంగి, చాలా శక్తిని మింగి తెగుతుంది. చల్లబడిన కొద్దీ ఆ గుణం తగ్గి, ఒక ఉష్ణోగ్రత దిగువన హెచ్చరిక లేకుండా పుటుక్కున విరుగుతుంది. దీన్ని ప్రపంచం ఖరీదైన పద్ధతిలో నేర్చుకుంది. 1943 జనవరి 16న అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ రేవులో షెనెక్టడీ అనే కొత్త టాంకర్ నౌక ప్రశాంతమైన నీటిలో కట్టి ఉండగానే నడిమికి చీలిపోయింది. యుద్ధకాలంలో వెల్డింగ్‌తో వేగంగా కట్టిన ఎన్నో నౌకల్లో అలాంటి పగుళ్లు వచ్చాయి. తప్పంతా వెల్డర్లదేనని మొదట అనుకున్నారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ ఆ ప్లేట్ల ఉక్కునే పరీక్షించి, చలిలో ఆ ఉక్కు పెళుసెక్కుతుందని చూపించారు. నేను గమనించమనేది ఒక్కటే: కట్టినవారి లెక్కల్లో బలం ఉంది, ఉష్ణోగ్రత లేదు.

ఈ పెళుసుదనాన్ని కొలిచే తేలిక పద్ధతి అప్పటికే ఉంది. ఫ్రాన్స్‌లో జార్జెస్ చార్పీ 1901లో వివరించిన పద్ధతి అది. ఈ విభాగంలో చదివినవారంతా ఆ యంత్రం ముందు నిలబడినవారే. 10 మిల్లీమీటర్ల చదరపు అడ్డుకోత, 55 మిల్లీమీటర్ల పొడవు ఉన్న చిన్న కడ్డీకి మధ్యలో 2 మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టి, లోలకంలా ఊగే సుత్తితో కొడతాం. విరగడానికి ఎంత శక్తి పట్టిందో యంత్రం చెబుతుంది. వేరువేరు ఉష్ణోగ్రతల దగ్గర ఇలా విరిచి గ్రాఫు గీస్తే కింద చదునుగా మొదలై, నిటారుగా లేచి, పైన మళ్లీ చదునయ్యే వంపు వస్తుంది. పాత్ర ఉక్కుల విషయంలో 41 జౌల్స్ శక్తి పట్టే ఉష్ణోగ్రతను గుర్తుగా పెట్టుకుంటారు. న్యూట్రాన్లు తగిలిన కొద్దీ ఆ వంపు మొత్తం కుడివైపుకు, అంటే ఎక్కువ ఉష్ణోగ్రతల వైపుకు జరుగుతుంది. నిన్న గది ఉష్ణోగ్రతలో దృఢంగా ఉన్న ఉక్కు కొన్ని దశాబ్దాల తరవాత నూరు డిగ్రీల దగ్గర కూడా పెళుసుగా ఉండవచ్చు. ఆ జరుగుబాటు ఎన్ని డిగ్రీలో ముందే చెప్పడమే మన సమస్య.

న్యూట్రాన్లు ఘనపదార్థాల్లో పరమాణువులను స్థానం తప్పిస్తాయని మొట్టమొదట ఊహించినవాడు యూజీన్ విగ్నర్. చికాగోలో తొలి రియాక్టర్ కడుతున్న రోజుల్లోనే, 1942 ప్రాంతంలో, ఈ ప్రమాదాన్ని ఆయన పసిగట్టాడు. ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ ఇనుప పరమాణువును ఢీకొంటే సగటున 35 వేల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా దానికి అందిస్తుంది. ఇనుప పరమాణువును తన గూటి నుంచి కదపడానికి 40 చాలు. కాబట్టి దెబ్బ తిన్న పరమాణువు తన పొరుగువాటిని, అవి తమ పొరుగువాటిని నెట్టుకుంటూ పోతాయి. సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలో కొన్ని వందల పరమాణువులు గూళ్లు వదిలిపెడతాయి. వాటిలో చాలా వరకు వెంటనే ఏదో ఒక గూటికి చేరుకుంటాయి. చేరనివి ఖాళీలుగా, గూళ్ల మధ్య ఇరుక్కున్న అదనపు పరమాణువులుగా మిగులుతాయి.

ఇక్కడ విద్యార్థులకు ఆశ్చర్యం కలిగించే అంకె ఒకటి ఉంది. నీటితో నడిచే మామూలు విద్యుత్ రియాక్టర్‌లో పాత్ర గోడకు 40 ఏళ్లలో జరిగే నష్టాన్ని లెక్క వేస్తే, సగటున పది, ఇరవై పరమాణువుల్లో ఒక్కటి ఒక్కసారి గూడు వదిలినంత. ఇంధనం పక్కన ఉండే లోపలి స్టెయిన్‌లెస్ స్టీలు భాగాల్లో ఒక్కో పరమాణువు ఎన్నో సార్లు కదులుతుంది. మరి ఇంత తక్కువ దెబ్బకు పాత్ర ఉక్కు అంతలా ఎందుకు మారిపోవాలి?

జవాబు రాగిలో దొరికింది. 1960ల చివర అమెరికా నేవల్ రీసెర్చ్ లాబొరేటరీలో పొటాపొవ్స్, హాతార్న్ అనే పరిశోధకులు ఒకే తరగతికి చెందిన ఉక్కులు ఒకే మోతాదు న్యూట్రాన్లకు చాలా తేడాగా ఎందుకు స్పందిస్తున్నాయని వెతికారు. ఎవరూ పట్టించుకోని మలినాలైన రాగి, భాస్వరం దగ్గర ఆ తేడాకు మూలం కనిపించింది. రాగి ఎక్కడి నుంచి వచ్చింది? కొంత పాత ఇనుము కరిగించినప్పుడు వచ్చింది. వెల్డుల్లోకి మాత్రం మంచి ఉద్దేశంతోనే వచ్చింది. వెల్డింగ్ తీగ తుప్పు పట్టకూడదని దానికి రాగి పూత వేసేవారు. ఆ పూత కరిగి అతుకులో కలిసింది. అలా కొన్ని పాత వెల్డుల్లో రాగి 0.2 నుంచి 0.35 శాతం దాకా చేరింది. కట్టేనాటికి అది తప్పు కాదు, ఏ ప్రమాణమూ దాన్ని కాదనలేదు.

ఆ రాగి ఏం చేస్తుందంటే, ముదురు పాకం చల్లారాక పంచదార పలుకులు కట్టినట్టే ఇనుములో పలుకులు కడుతుంది. 290 డిగ్రీల దగ్గర ఇనుములో ఇమడగలిగిన రాగి బహు స్వల్పం. అయినా కరిగినప్పుడు కలిసిపోయిన రాగి చల్లారేటప్పుడు బయటికి రాలేక లోపలే చిక్కుకుపోతుంది. ఆ వేడిలో పరమాణువులు కదలలేవు గనుక మామూలుగా అయితే అది ఎన్ని శతాబ్దాలైనా అలాగే ఉంటుంది. న్యూట్రాన్లు పుట్టించిన ఖాళీలు దానికి దారి ఇస్తాయి. ఖాళీ పక్కకు రాగానే రాగి పరమాణువు అందులోకి జరుగుతుంది, అలా జరుగుతూ జరుగుతూ తోటి రాగిని కలుసుకుంటుంది. చివరికి రెండు మూడు నానోమీటర్ల ముద్దలు కోట్లాదిగా తయారవుతాయి. ఉక్కు సాగాలంటే దాని స్ఫటికాల్లో డిస్‌లొకేషన్లు అనే లోపరేఖలు జారాలి. ఈ ముద్దలు ఆ రేఖలను పట్టి ఆపుతాయి. సాగడం కష్టమైన ఉక్కు విరగడానికి సిద్ధపడుతుంది. 1983లో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి రాబర్ట్ ఒడెట్ ఈ ప్రక్రియను స్పష్టంగా వివరించారు. కొన్నేళ్లకు ఆటమ్ ప్రోబ్‌లో, అంటే పరమాణువులను ఒక్కొక్కటిగా ఊడదీసి ఏది ఎక్కడ ఉందో చెప్పే యంత్రంలో, ఆ ముద్దలు కనిపించాయి.

ఇన్ని డిగ్రీలు అని అంకె తేల్చి చెప్పవలసిన అవసరం ఎందుకొచ్చిందో ఒక సంఘటన చెబుతుంది. 1978 మార్చి 20న కాలిఫోర్నియాలోని రాంచో సెకో కేంద్రంలో నియంత్రణ ప్యానెల్‌లో చిన్న దీపం మారుస్తుండగా అది జారి లోపల పడింది. షార్ట్ సర్క్యూట్ అయింది, పరికరాలు తప్పు సంకేతాలిచ్చాయి, సుమారు గంటలో నీటి ఉష్ణోగ్రత 300 డిగ్రీల ప్రాంతం నుంచి 140 డిగ్రీల ప్రాంతానికి పడిపోయింది. పీడనం మాత్రం ఎక్కువగానే ఉంది. మందపు గోడ లోపలి ముఖం చల్లబడి ముడుచుకోబోతుంది, బయటి ముఖం ఇంకా వేడిగా ఉండి దాన్ని ముడుచుకోనివ్వదు. లోపలి ముఖం మీద లాగుడు పెరుగుతుంది. పీడనం ఆ లాగుడుకు తోడవుతుంది. న్యూట్రాన్లు ఎక్కువగా తగిలేదీ ఆ ముఖానికే. ఆనాటికి ఆ పాత్ర కొత్తది గనుక ఏమీ కాలేదు. కానీ ఇదే 20 ఏళ్లు నడిచిన పాత్రలో, రాగి ఎక్కువున్న వెల్డులో జరిగి ఉంటే? ఆ ప్రశ్న నుంచే 1985లో అమెరికా నియంత్రణ సంస్థ ఒక నిబంధన తెచ్చింది. ఉక్కు పెళుసుగా మారే పరివర్తన ఉష్ణోగ్రత ప్లేట్లకు, నిలువు వెల్డులకు 132 డిగ్రీల సెల్సియస్, చుట్టు వెల్డులకు 149 డిగ్రీలు దాటేట్టుంటే ప్రత్యేక విశ్లేషణ లేకుండా నడపరాదన్నది దాని సారాంశం.

ఆ ఉష్ణోగ్రతను ముందే లెక్క కట్టే సమీకరణం 1988 మే నెలలో వచ్చిన నియంత్రణ మార్గదర్శిక 1.99 రెండో సవరణలో ఉంది. నా తరం ఇంజినీర్లు దాన్ని నిద్రలో కూడా రాయగలరు. అందులో రెండు అంశాలు గుణించుకుంటాయి. ఒకటి రసాయన గుణకం, రాగి, నికెల్ శాతాలను బట్టి పట్టికలో చూసుకునేది. రెండోది ఫ్లూయెన్స్ మీద ఆధారపడేది. ఫ్లూయెన్స్ అంటే చదరపు సెంటీమీటరు గుండా మొత్తం ఎన్ని వేగ న్యూట్రాన్లు పోయాయన్న లెక్క. ఒకటి పక్కన 19 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యను యూనిట్‌గా తీసుకుని, అందులో చెప్పిన ఫ్లూయెన్స్‌ను 0.28 లోంచి దాని సంవర్గమానంలో పదో వంతు తీసివేసిన ఘాతానికి హెచ్చిస్తారు. నష్టం మొదట వేగంగా, తరవాత నెమ్మదిగా పెరుగుతుందని ఆ ఘాతం చెబుతుంది. దీని వెనక ఉన్న కొలతలు 177. ఆ 177 చుక్కల గుండా గీసిన గీతే ప్రపంచమంతా ఎన్నో దేశాల్లో ఎన్నో ఏళ్లు చట్టంలా నడిచింది.

నేను ఆ సమీకరణాన్ని చులకన చేయడం లేదు. అంత తక్కువ సమాచారంతో అంత నిజాయితీ పని జరగడం అరుదు. చుక్కలు గీత మీద పడవని దాన్ని రాసినవారికి తెలుసు. అందుకే వెల్డులకు 28 ఫారన్‌హీట్ డిగ్రీలు, ప్లేట్లకు 17 డిగ్రీలు ప్రామాణిక విచలనంగా పెట్టి, దాన్ని రెట్టించి మార్జిన్‌గా కలపమన్నారు. మాస్టారు ఇలాంటి చోటే ఆగి పాఠం చెప్పేవారు. ప్రయోగశాలలో మా గ్రాఫుల్లో గీతకు దూరంగా పడిన చుక్కను చెరిపేయడానికి ఆయన ఒప్పుకునేవారు కాదు. ఆ కడ్డీ ఏ ప్లేటులోంచి, ఏ దిశలో కోసినదో కనుక్కుని రమ్మని పంపేవారు. గీత నుంచి తప్పిన దూరం ఎప్పుడూ కొలతలో పొరపాటే కాదు, ఒక్కోసారి అది ఇంకా మనం పేరు పెట్టని కారణం కావచ్చు.

అలా పేరు పెట్టని కారణాల సంగతికి వస్తాను.

టెనసీలోని ఓక్ రిడ్జ్‌లో హై ఫ్లక్స్ ఐసోటోప్ రియాక్టర్ అనే పరిశోధనా రియాక్టర్ ఉంది. దాని పాత్ర విద్యుత్ కేంద్రం పాత్రలా వేడిది కాదు, 50 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. 1986లో దాని గోడ దగ్గర ఉంచిన నమూనాలను విరిచి చూస్తే ఊహించిన దాని కంటే చాలా ఎక్కువ పెళుసెక్కి ఉన్నాయి. రియాక్టర్ ఆపేశారు. మళ్లీ నడిపేనాటికి శక్తిని 100 మెగావాట్ల నుంచి 85కు తగ్గించారు. తేడాకు కారణం ఏమిటి? న్యూట్రాన్లు నెమ్మదిగా తగలడం వల్లనని కొందరన్నారు, నెమ్మది న్యూట్రాన్ల ప్రమేయం ఉందని కొందరన్నారు. ఆ పాత్ర గోడ దగ్గర గామా కిరణాలు న్యూట్రాన్లతో పోలిస్తే విపరీతంగా ఎక్కువని, పరమాణువులను కదిపిన పనిలో పెద్ద భాగం వాటిదేనని 1990ల మధ్యకు తేలింది. విద్యుత్ రియాక్టర్ల పాత్రల్లో గామా వాటా స్వల్పం గనుక దాన్ని లెక్కలో వదిలేయడం అలవాటు. ఓక్ రిడ్జ్ రియాక్టర్ నిర్మాణం వేరు, అలవాటు ఒక్కటే. గోడ దగ్గర నమూనాలు పెట్టి ఉండకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

సోవియట్ యూనియన్ రూపొందించిన తొలి వివిఈఆర్-440 రియాక్టర్ల కథ ఇంకా కష్టమైనది. వాటిలో ఇంధనానికి, గోడకు మధ్య నీటి ఎడం తక్కువ. గోడకు తగిలే న్యూట్రాన్లు పాశ్చాత్య రియాక్టర్ల కంటే చాలా ఎక్కువ. వెల్డుల్లో భాస్వరం ఎక్కువ. అన్నిటికంటే పెద్ద లోటు, ఆ తొలి తరం పాత్రల్లో సాక్షి నమూనాలే, అంటే పాత్ర ఉక్కు నుంచే కోసి గోడ దగ్గర ఉంచే పరీక్ష కడ్డీలే, పెట్టలేదు. కొన్నిటిలో వెల్డు రసాయన కూర్పు కూడా నమ్మదగినట్టు రాసిపెట్టి లేదు. చివరికి పాత్ర లోపలి ముఖం నుంచే పలుచని ముక్కలు చెక్కి తీసి పరీక్షించవలసి వచ్చింది. రష్యాలో నోవోవొరోనెజ్, బల్గేరియాలో కొజ్లొదుయ్ కేంద్రాల్లో ఈ పని చేశారు. పెళుసెక్కిన ఉక్కును మళ్లీ దారికి తేవడానికి పాత్రను 475 డిగ్రీల దాకా వేడి చేసి కొన్ని రోజులు ఉంచే పద్ధతి కూడా అక్కడే పెద్ద ఎత్తున అమలైంది. నోవోవొరోనెజ్ మూడో యూనిట్‌లో 1987లో, ఫిన్లాండ్‌లోని లొవీసా ఒకటో యూనిట్‌లో 1996లో ఇలా చేశారు. లొవీసా వాళ్లు అంతకు ముందే, 1980లోనే, ఇంధన గుండం అంచున 36 చోట్ల ఇంధనానికి బదులు ఉత్త ఉక్కు కట్టలు పెట్టి గోడకు తగిలే న్యూట్రాన్లను తగ్గించారు. నాకు అది ఎంతో గౌరవం కలిగించే నిర్ణయం. అంచనా ఇంకా గట్టిపడక ముందే వాళ్లు గోడను కాపాడుకున్నారు.

మసాచుసెట్స్‌లోని యాంకీ రో కేంద్రం కాగితం లేకపోవడం వల్ల ఇబ్బంది పడింది. 1960లో మొదలైన ఆ చిన్న కేంద్రం మిగతావాటి కంటే తక్కువ ఉష్ణోగ్రతలో నడిచేది. ఉష్ణోగ్రత తగ్గితే న్యూట్రాన్ నష్టం పెరుగుతుంది, ఎందుకంటే చెదిరిన పరమాణువులు తిరిగి సర్దుకునే వేడి ఉండదు. గోడ వెల్డులో రాగి ఎంతో రూఢిగా చెప్పే ఆధారం లేదు. రాగి ఎక్కువని అనుకుంటే పాత్ర హద్దు దాటింది, తక్కువని అనుకుంటే దాటలేదు. 1991 అక్టోబరులో ఆపిన రియాక్టర్‌ను, పాత్ర హద్దు దాటలేదని నిరూపించడానికి అయ్యే ఖర్చు చూసుకుని, 1992లో శాశ్వతంగా మూసేశారు. ఒక వెల్డింగ్ బ్యాచ్ విశ్లేషణ చీటీ విలువ ఎంతో అక్కడ తెలిసింది.

నాలుగో ఉదాహరణ మన భవిష్యత్తుకు దగ్గరిది. రాగిని అదుపు చేసిన తరవాత కట్టిన పాత్రల్లో ఇక భయం లేదని చాలామంది అనుకున్నారు. ఒడెట్ 1990లలోనే ఒక హెచ్చరిక చేశారు. రాగి తక్కువైనా నికెల్, మాంగనీస్, సిలికాన్ కలిసి ఆలస్యంగా ముద్దలు కడతాయని, మొదట్లో ఏళ్ల తరబడి కనిపించక తరవాత వేగంగా పెరుగుతాయని ఆయన సిద్ధాంతం. మొదట్లో నమ్మినవారు తక్కువ. స్వీడన్‌లోని రింగ్‌హాల్స్ మూడు, నాలుగు యూనిట్ల వెల్డుల్లో రాగి తక్కువ, నికెల్ ఒకటిన్నర శాతం పైన. వాటి సాక్షి నమూనాల్లో పెళుసుదనం సమీకరణం చెప్పిన దాని కంటే ఎక్కువగా వచ్చింది. ఆటమ్ ప్రోబ్‌లో చూస్తే నికెల్, మాంగనీస్, సిలికాన్ ముద్దలు ఉన్నాయి. రాగి అయిపోగానే నష్టం నెమ్మదిస్తుందన్న ఊహ మీద గీసిన వంపు, రాగి లేని ఉక్కులో ఎక్కువ ఫ్లూయెన్స్ దగ్గర నిజం చెప్పలేదు. అమెరికాలో రియాక్టర్లను 80 ఏళ్లు నడపడానికి అనుమతులు అడుగుతున్న కాలం ఇది. 1988 నాటి గీత ఎక్కువ ఫ్లూయెన్స్ దగ్గర తక్కువ అంచనా ఇస్తోందని అక్కడి నియంత్రణ సంస్థే ఒప్పుకుంది.

కొత్త సమీకరణాలు వచ్చాయి. 2015లో వెలువడిన ఏఎస్‌టీఎం ఈ900 ప్రమాణం వెనక 13 దేశాల విద్యుత్ రియాక్టర్ల నుంచి వచ్చిన 1,800కు పైగా కొలతలు ఉన్నాయి. 177తో పోలిస్తే అదెంత సంపద! ఇప్పుడు కుర్రవాళ్లు మెషిన్ లెర్నింగ్‌తో ఇదే కొలతల పట్టిక మీద ఇంకా దగ్గరగా అతికే అంచనాలు చేస్తున్నారు. వాళ్ల పని నేను శ్రద్ధగా చదువుతాను. పట్టికలో ఉన్న మేర అవి బాగా పని చేస్తాయి. పట్టిక దాటిన చోట మాత్రం, రాగి తక్కువ, నికెల్ ఎక్కువ, కాలం ఎక్కువ అయిన మూలలో, వాటికి చూపు లేదు. అక్కడ భౌతికశాస్త్రం తెలిసిన సమీకరణం కాస్త మెరుగు, దానికీ హామీ లేదు. పరిశోధనా రియాక్టర్‌లో న్యూట్రాన్లను గుప్పించి కొన్ని నెలల్లోనే 80 ఏళ్ల మోతాదు ఇవ్వవచ్చు. ఆ పని అవసరమే. కానీ రాగి, నికెల్ పరమాణువులు నడిచి ఒకచోట చేరడానికి కాలం కావాలి. తొందరపెట్టి ఇచ్చిన మోతాదు నెమ్మదిగా తిన్న మోతాదుతో సమానం కాకపోవచ్చు. ఓక్ రిడ్జ్‌లో వేసిన మొదటి అంచనా కూడా అలా తొందరగా సంపాదించిన సమాచారం మీదే నడిచింది.

అందుకే సాక్షి నమూనాలు. పాత్ర కట్టిన ప్లేటు లేక ఉంగరం నుంచి, అదే వెల్డింగ్ తీగతో వేసిన అతుకు నుంచి కడ్డీలు కోసి, క్యాప్స్యూల్స్‌లో పెట్టి, గోడ కంటే ఇంధనానికి కొంచెం దగ్గరగా వేలాడదీస్తారు. గోడ కంటే కొన్నేళ్లు ముందుగా అవి గోడ వయసు తెచ్చుకుంటాయి. వాటితో పాటు ఇనుము, నికెల్, రాగి తీగలు పెడతారు, ఎన్ని న్యూట్రాన్లు పోయాయో ఆ తీగల్లో పుట్టిన రేడియోధార్మికత చెబుతుంది. ఏ ఉష్ణోగ్రత దాటిందో చెప్పడానికి నిర్ణీత వేడి దగ్గర కరిగే లోహపు ముక్కలు కూడా ఉంటాయి. కొన్నేళ్లకొకసారి ఒక క్యాప్స్యూల్ తీసి, మందపు గోడల హాట్ సెల్‌లో రోబో చేతులతో ఒక్కొక్క కడ్డీ విరుస్తారు. ఇంత జాగ్రత్త పడి పెట్టిన క్యాప్స్యూల్స్ తీయడాన్ని అమెరికాలో కొన్ని కేంద్రాలు, ఇంకా ఎక్కువ మోతాదు పడనిద్దామని, మళ్లీ మళ్లీ వాయిదా వేసుకున్నాయి. ప్రతి వాయిదాకూ ఒక కారణం చూపించవచ్చు. అన్ని వాయిదాలూ కలిస్తే, అత్యంత అవసరమైన ఎక్కువ ఫ్లూయెన్స్ కొలతలే పట్టికలో లేకుండా పోతాయి. ఇది నన్ను బాధపెట్టే సంగతి.

మన దేశం సంగతి. మన రియాక్టర్లలో ఎక్కువ భాగం భారజల రియాక్టర్లు, వాటికి ఇంత మందపు పాత్ర ఉండదు. పీడనాన్ని మోసేవి హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ తయారుచేసే జిర్కోనియం గొట్టాలు, వాటి పెళుసుదనం వేరే కథ. కానీ 1969 నుంచి తారాపూర్‌లో ఉక్కు పాత్రలున్న మరుగునీటి రియాక్టర్లు ఉన్నాయి. వాటి గోడకు నీటి ఎడం ఎక్కువ గనుక న్యూట్రాన్లు తక్కువ. కూడంకుళంలో మొదటి యూనిట్ 2013లో క్రిటికల్ అయింది. రెండు నడుస్తున్నాయి, మరో నాలుగు కడుతున్నారు. వివిఈఆర్-1000 పాత్రల ఉక్కులో బలం కోసం నికెల్ కలుపుతారు. రష్యాలో, ఉక్రెయిన్‌లో నడిచిన పాత పాత్రల వెల్డుల్లో అది ఎక్కువగా ఉన్నచోట పెళుసుదనం వేగం మీద చాలా పరిశోధన జరిగింది. అక్కడ ఎదురైన మరో సమస్య, సాక్షి నమూనాలను ఇంధనానికి పైన పెట్టడం వల్ల వాటికి పడిన ఉష్ణోగ్రత, న్యూట్రాన్ మోతాదు గోడకు పడినట్టు లేకపోవడం. నమూనా పెట్టడమే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ అంచనాలో భాగమే. బార్క్ శాస్త్రవేత్తలు మాంగనీస్, మాలిబ్డినం, నికెల్ కలిపిన పాత్ర ఉక్కు మీద, ఫిన్లాండ్‌కు చెందిన కిమ్ వాలిన్ రూపొందించిన మాస్టర్ కర్వ్ పద్ధతిలో చేసిన పరిశోధనలు ప్రచురించారు. ఆ పద్ధతి సుత్తి దెబ్బను వదిలి నిజమైన పగులు ఎంత ఒత్తిడికి పరుగెడుతుందో కొలుస్తుంది, ఒకే ఉక్కులో ఫలితాలు చెదిరి ఉండడాన్ని దాచకుండా గణాంకంలో భాగం చేస్తుంది. మాస్టారికి చాలా నచ్చి ఉండేది.

మన శ్రీకాకుళం తీరంలో కొవ్వాడ ఉంది. అక్కడ 1,208 మెగావాట్ల చొప్పున ఆరు ఏపీ1000 రియాక్టర్లు పెట్టాలన్నది ప్రతిపాదన. ఆ రియాక్టర్ల రూపకల్పన ఆయుష్షు 60 ఏళ్లు. అవి వస్తాయా, రావాలా అన్నది వేరే చర్చ, అక్కడి జాలర్లకు, రైతులకు ఆ చర్చలో నాకంటే ఎక్కువ హక్కుంది. వస్తే మాత్రం ఈ సభలో ఉన్న పిల్లల్లో కొందరు వాటి పాత్రలకు బాధ్యులవుతారు. అందుకని రెండు విన్నపాలు చేస్తాను. మన దేశంలో తీసే ప్రతి క్యాప్స్యూల్ ఫలితం, రసాయన కూర్పుతో, ఉష్ణోగ్రతతో, గీత నుంచి తప్పిన దూరంతో సహా ప్రచురించాలి. అమెరికాలో ఆ నివేదికలు సాధారణంగా ఎవరైనా చదువుకునేట్టు ఉంటాయి. ఆ 1,800 కొలతలు పోగుపడింది ఇలా బయటపెట్టిన దేశాల వల్లే. ఒక దేశపు నాలుగు చుక్కలు ఆ దేశానికి పెద్దగా చెప్పవు, అందరి చుక్కల్లో కలిస్తే చెబుతాయి.

రెండో విన్నపం విరిగిన ముక్కల గురించి. చార్పీ కడ్డీ విరిగాక రెండు ముక్కలు మిగులుతాయి. ఒకప్పుడు వాటిని రేడియోధార్మిక వ్యర్థంగా లెక్కవేసి పారేసేవారు. ఇప్పుడు జపాన్‌లో అభివృద్ధి చేసి, తరవాత అనేక దేశాల్లో పరీక్షించిన పద్ధతిలో ఒక్కో సగం నుంచి 4 మిల్లీమీటర్ల మందపు చిన్న నమూనాలు నాలుగు దాకా కోసి, పగులు నిరోధాన్ని నేరుగా కొలుస్తున్నారు. 1970లలో ఒక ప్రశ్న కోసం విరిచిన కడ్డీ, ఆనాడు పుట్టని ప్రశ్నకు ఇవాళ జవాబిస్తోంది. ఆటమ్ ప్రోబ్‌కైతే అందులోంచి సూదిమొన చాలు. తారాపూర్ ముక్కలైనా, కూడంకుళం ముక్కలైనా ఏ హాట్ సెల్‌లో, ఏ డబ్బాలో, ఏ గుర్తుతో ఉన్నాయో జాబితా ఉండాలి, ఆ జాబితా మనుషులు రిటైరైనా మిగలాలి. కొత్త పాత్రల విషయంలో ఇంకో పని కూడా చేయాలి. పాత్ర ఉంగరాలు పోతపోసి సాగగొట్టాక అంచులు కోసేస్తారు. ఆ కోసిన ఉక్కులో, అదే బ్యాచ్ వెల్డు అతుకులో, ఒప్పందం కోరిన దానికంటే చాలా ఎక్కువ భాగాన్ని న్యూట్రాన్లు తగలని ముడి నిల్వగా మన దేశంలో ఉంచమని కొనుగోలు పత్రంలోనే రాయాలి. కూడంకుళం ఐదు, ఆరు యూనిట్లకు ఇప్పటికే తీసి ఉంచినది ఎంతో అడగాలి. కొవ్వాడకైతే ఆ షరతు ఇంకా రాయడానికి వీలుంది.